కలెక్టరుగారి తుమ్ములు

మదనపల్లె మార్కెట్‌లో టమాటా మండీ నడిపే సుదర్శన్, పుంగనూరులోని పెంపుడు జంతువుల క్లినిక్‌కు రెండు టమాటా క్రేట్లు మోసుకొచ్చాడు. ఒకదాని మీద ఇంకొకటి బోర్లించి తాడుతో కట్టాడు. లోపల కలెక్టర్ ఉన్నాడు.

కలెక్టర్ అంటే వాళ్లింటి పిల్లి. కూర్చున్న చోటినుంచి కదలకుండా ఇంటిల్లిపాదిచేతా పని చేయిస్తాడని సుదర్శన్ వాళ్లమ్మ వరలక్ష్మి పెట్టిన పేరు.

డాక్టర్ నవనీత ఆ క్రేట్లను పైనుంచి కిందికి చూసింది. "పిల్లిని తెచ్చినారా, లోడు తెచ్చినారా?"

"గాలి బాగా ఆడుతుంది మేడం. టమాటాలు వాడిపోకుండా ఉంటాయి."

"ఇది టమాటా కాదప్పా."

మొదటి మాటకే మొట్టికాయ పడింది. సుదర్శన్‌కు కోపం రావాలి, రాలేదు. ఆమె తాడు విప్పి, పిల్లిని ఒళ్లోకి తీసుకుని, "ఏమి కన్నా, ఎవరేమన్నారు నిన్ను?" అని ముద్దుగా అడిగింది. మనవాడు అక్కడే పడిపోయాడు. లేవాలని కూడా అనుకోలేదు.

రోజూ సాయంత్రమయ్యేసరికి కలెక్టర్‌కు తుమ్ములు, కళ్లలో నీళ్లు. మంచం కింద దూరితే బయటికి రాడు. ఆమె పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది, గులాబీ రంగులోనే ఉన్నాయి. జ్వరం లేదు. గుండె బాగుంది. ఇంట్లో పొగ ఏమన్నా ఉందా, అగరబత్తులా, దోమల కాయిలా, సిగరెట్టా అని అడిగింది. ఏమీ లేదన్నాడు సుదర్శన్. మా ఇంట్లో గాలి పన్నీరులా ఉంటుందని కూడా అన్నాడు.

పిల్లులు జబ్బును దాచుకుంటాయని ఆమె చెప్పింది. తిండి మానేసినా, నోరు తెరిచి ఊపిరి తీసినా క్షణం ఆగొద్దంది. సుదర్శన్ బుద్ధిగా తల ఊపాడు. సగం మాటలు చెవికి ఎక్కలేదు, ఆమె కళ్లు అడ్డం వచ్చాయి.

వారం తిరిగేసరికి మళ్లీ క్రేట్లు వచ్చాయి. ఆ పై ఆదివారం ఇంకోసారి వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ కలెక్టర్ బల్ల మీద దర్బారు చేసినట్టు కూర్చున్నాడే తప్ప, మందుకైనా ఒక్క తుమ్ము తుమ్మలేదు.

మూడోసారి, తన పొట్టి ఆవును పట్టుకుని వరుసలో నిలబడిన తిమ్మప్ప ఊరుకోలేకపోయాడు. "జబ్బు పిల్లికి కాదులేమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవు ఒక్కటే నవ్వలేదు. నవనీత ముఖం కందిపోయింది.

"బాగుండే పిల్లిని ఇంత దూరం తిప్పితే దానికి నిజంగానే జబ్బొస్తాది. ఇంక రావద్దండి" అంది.

సుదర్శన్ ప్రాణం ఉసూరుమంది. ఆమెను చూడాలనుందన్నదీ నిజమే, పిల్లి తుమ్ముతోందన్నదీ నిజమే. మొదటిది బయటపడితే రెండోది అబద్ధమైపోయింది. ఇంక ఏ ముఖం పెట్టుకుని ఆ మెట్లెక్కాలి?

మర్నాడు సాయంత్రం మండీ నుంచి వచ్చేసరికి కలెక్టర్ మంచం కింద మెడ చాపి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. సుదర్శన్‌కు డాక్టరు హెచ్చరిక గుర్తొచ్చింది. పరువు సంగతి మరిచి ఫోన్ చేశాడు. ముందు మిద్దె మీదికి, మంచి గాలిలోకి తీసుకెళ్లమంది ఆమె. తీసుకెళ్లాడు. కాసేపటికి పిల్లి కుదుటపడింది, సుదర్శన్ మాత్రం ఫోన్ పెట్టలేదు.

"రేపు దీపాలు పెట్టే వేళకు మీరే వచ్చి సూడండి మేడం. వాడు తుమ్మకపోతే ఈ జన్మలో మీ క్లినిక్ మెట్టెక్కను."

ఆమె వచ్చింది. పక్కింటి రేవతి గోడ మీద గడ్డం ఆనించి మరీ చూసింది. హాల్లో ఒకపక్క డాక్టరు, ఒకపక్క కొడుకు, నడుమ పిల్లి. వరలక్ష్మి కడుపు నిండిపోయింది. ఇంత ముచ్చటైన దృశ్యాన్ని రేవతి చూసిందంటే ఇంకేమన్నా ఉందా? వంటింట్లోకి పరిగెత్తి, ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టుకొచ్చి, ముగ్గురికీ కలిపి తిప్పి, బొగ్గుల కుంపట్లో పడేసింది.

గుప్పున పొగ లేచింది. మొదట డాక్టరు తుమ్మింది. తరువాత సుదర్శన్. ఆ తరువాత కలెక్టర్ అందుకున్నాడు, ఇంక ఆపలేదు.

నవనీత పిల్లిని చంకనేసుకుని వరండాలోకి ఉరికింది. ఇది ఎన్నాళ్లనుంచని అడిగింది, కళ్లు తుడుచుకుంటూ.

"రోజూనే తల్లీ. వీడు బొద్దుగా ఉండాడని ఆ రేవతి అనిన కాడినుంచి. తీసేకొద్దీ తుమ్ముతాండాడు, తుమ్మేకొద్దీ తీస్తాండా. నిన్నటి నుంచి రెండు పిడికిళ్లు వేస్తాండా."

నవనీత సుదర్శన్ వైపు తిరిగింది. "ఇంట్లో పొగ ఉండాదా అని అడిగినా కదా?"

"ఇది పొగ కాదు మేడం" అన్నాడు సుదర్శన్ అమాయకంగా. "దిష్టి."

ఆమెకు నవ్వాగలేదు. తన సొంతూరు కుప్పం, అక్కడ వాళ్లవ్వా ఇంతే. ఊపిరితిత్తుల మీద ఉపన్యాసం ఇవ్వకుండా వరలక్ష్మినే అడిగింది, మిరపకాయలు ఘాటు వస్తే ఏమని అర్థమని.

"దిష్టి లేదని. ఉంటే ఘాటే రాదు."

"మరి రోజూ ఇంత ఘాటు వస్తాండాదే. వాడికి దిష్టే లేదమ్మా. యాల తీస్తారు?"

వరలక్ష్మి లెక్క వేసుకుంది. అవును కదా అనుకుంటూ కుంపటి ఆర్పడానికి లోపలికి పోయింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. మిమ్మల్ని అబద్ధాలకోరు అనుకున్నానని, తప్పేనని నవనీత అంది. ఆ క్షమాపణ తీసుకుని ఊరుకుంటే సుదర్శన్ హీరో అయిపోయేవాడు. నోరు ఊరుకుంటేగా.

"మూడోసారి అబద్ధమే మేడం. అప్పుడు అమ్మ సదుం ఊరికి పోయినింది. వాడు తుమ్మనే లేదు."

"మరి యాల వచ్చినారు?"

"మిమ్మల్ని సూడాలని." అనేశాక చెవులు కాలిపోయాయి. ఇంక తిట్లకోసం తల వంచాడు.

నవనీత పిల్లి వీపు నిమురుతూ కూర్చుంది. "ఆ ఆదివారం నేను కుప్పం పోవాల. బస్సు వదిలేసినా, క్రేట్లు వస్తాయేమోనని. వాళ్లు నవ్వేసరికి నా గుట్టు బయటపడినట్టయి, మీమీద అరిచినా."

సుదర్శన్‌కు ఒళ్లంతా తేలికైపోయింది. ఏదో అనబోయేలోపు వరలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. పిడికిలి బిగించి ఉంది. తలుపు వెనకనుంచి అంతా విన్నట్టే ఉంది.

"పిల్లికి లేకపోతే లేకపోనీ. మిమ్మల్ని మాత్రం ఆ రేవతి కళ్లారా సూసింది. ఒక్కసారి తీసేస్తా."

నవనీత ఆ పిడికిలిని రెండు చేతులా పట్టుకుంది. "మిరపకాయలు వద్దమ్మా. కొన్నాళ్లు ఓర్చుకోండి. గడప కాడ ఎర్రనీళ్లు తీద్దురు. దానికి పొగ రాదు" అంది, తల ఎత్తకుండా.

ఎర్రనీళ్లు తీసేది కొత్త కోడలికి కదా అని సుదర్శన్ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. వరలక్ష్మి అప్పటికే మిరపకాయలు కొంగున ముడేసుకుని డాక్టరు పక్కన చతికిలబడింది.

"కుప్పంలో మీ ఇల్లు యాడమ్మా?"