రెండేళ్లు ఆలస్యమైన పదవి

ఆ ఆదివారం పొద్దున్నే టర్కీలోని అమాస్యా ఊళ్లో ముజ్గాన్ ఇంట్లో ఫోను ఆగకుండా మోగుతోంది. ఏళ్ల తరబడి క్రిమినల్ కోర్టులో పెద్ద జడ్జిగా ఉన్న ఆమెను ఎక్కడో దూరాన ఉన్న డెనిజ్లి నగరానికి ప్రధాన ప్రాసిక్యూటర్‌గా వేసినట్టు ముందురోజే ఉత్తర్వు వచ్చింది. భర్త వెదాత్ కూడా జడ్జే. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. అతను మాత్రం ఇంకా పొలం గట్ల తగాదాలు తేల్చే కోర్టులోనే ఉన్నాడు.

అత్త హాజెర్ గ్లాసుల్లో టీ పోస్తూ, "వేడిగా ఉంది, రొట్టె తినమ్మాయ్. రేపట్నించి నీకు తీరికెక్కడ!" అంది.

"ఇన్నాళ్లూ శిక్ష వేసిన మనిషి, ఇక శిక్ష వెయ్యండి బాబూ అని అడుక్కోవాలి. అదేం ఎదుగుదలో!" అన్నాడు వెదాత్ ఆలివ్ గింజ పళ్లెంలో పడేస్తూ.

"అదే నీకొచ్చుంటే వీధంతా బక్లావా మిఠాయి పంచేవాడివి కాదట్రా?" అంది తల్లి.

ముజ్గాన్ నవ్వబోతుండగా మళ్లీ ఫోను మోగింది. వెదాత్ పాత స్నేహితుడు కెనాన్. అంకారాలో జడ్జీల నియామకాలు చూసే అధికారి. చేతికి తేనె అంటడంతో ఆమె స్పీకర్ నొక్కింది.

"శుభాకాంక్షలు వదినా! గుండె ఇప్పుడు కుదుటపడ్డట్టేనా?"

"నా గుండెకేమైంది?"

"అదేంటి! నీకు జబ్బనీ, దూరం వెయ్యొద్దనీ వెదాతే చెప్పాడుగా. అందుకేగా రెండేళ్ల కిందట నీ పేరు పక్కన పెట్టింది?"

ముజ్గాన్ ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేసింది. వెదాత్ ముఖం పాలిపోయింది.

"అప్పుడు ఈ పదవి రాలేదని ఏడుస్తుంటే నా తల నిమిరావు," అందామె నెమ్మదిగా. "అన్నం కూడా నువ్వే తినిపించావు. ఎందుకు చేశావు వెదాత్?"

అతను పళ్లెం పక్కకు నెట్టాడు.

"ఓర్వలేకపోయాను. ఇంటికొచ్చిన ప్రతివాడూ నీ కేసుల గురించే అడుగుతాడు. నన్ను పంచదార అందించమంటాడు. ఆ రోజు నువ్వేడుస్తుంటే... నాకు హాయిగా అనిపించింది ముజ్గాన్."

హాజెర్ టీ గ్లాసు ఠక్కున పెట్టింది. "జబ్బు నీ గుండెకిరా! దాన్ని తీసుకెళ్లి ఈ పిల్లకి అంటగట్టావా?"

వెదాత్ కెనాన్‌కి ఫోను చేశాడు. "ముజ్గాన్‌కి ఏ జబ్బూ లేదు. ఈర్ష్యతో అబద్ధమాడాను. పైవాళ్లకి ఆ మాట చెప్పు."

"పిచ్చా? నీ ఉద్యోగానికే ముప్పురా!" అని అరిచాడు కెనాన్.

"తెలుసు. చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను."

అప్పటిదాకా నిబ్బరంగా కూర్చున్న ముజ్గాన్ భోరుమంది. ఓదార్చడానికి చాచిన చెయ్యి వెదాత్ సగంలోనే ఆపేశాడు. ఆ చేతికిక ఆ హక్కు లేదనిపించింది. అతని కళ్ల నుంచీ నీళ్లు జారాయి.

"డెనిజ్లికి నేనూ అత్తయ్యా వెళతాం," అంది ముజ్గాన్ ఏడుపు ఆపుకుని. "నువ్వు వెంటనే రావొద్దు. నిన్ను చూస్తే ఒళ్లు మండకుండా ఉండే రోజు రావాలి."

"వస్తుందా?"

ఇందాక సగంలో ఆగిపోయిన అతని చేతిని ముజ్గాన్ పట్టుకుని, తన తడి చెంపకు ఆనించుకుంది.