బ్యాంకాక్ పులుసు

"అంత గట్టిగా దంచబాకు అబిదా! అది నలగాలిగానీ పొడి కాకూడదు," అన్నాడు జమాల్ మామ.

అబిదా రోకలి ఆపి రోట్లోకి చూసింది. నిమ్మగడ్డి కాడలు నలిగి పచ్చటి పీచుల్లా అయ్యాయి. వాసన మాత్రం ఘుమఘుమలాడుతోంది. నోట్లో నీళ్లూరాయి. వెంటనే మూతి బిగించి మళ్లీ రోకలి అందుకుంది. ఆ రోజు తను రోజాలో, అంటే రంజాన్ ఉపవాసంలో ఉంది. తెల్లవారకముందు తిన్న తిండే. సాయంత్రం అజాన్ వినిపించేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

ఆ ఏడు రంజాన్ నెల నడి ఎండాకాలంలో వచ్చింది. పరీక్షలు అయిపోగానే అబిదా మాచర్ల నుంచి నరసరావుపేటలో ఉన్న నానీ ఇంటికి వచ్చింది. నానీ అంటే వాళ్ల అమ్మమ్మ హజ్రా బీ. అబిదాకి పదకొండేళ్లు. రోజా ఉండటం ఇదే మొదటిసారి.

"చిన్నపిల్లవి, ఒక పూట ఉంటే చాలులే," అంది నానీ.

"పూటా లేదు గీటా లేదు. ఉంటే మొత్తం ఉంటా," అంది అబిదా. అన్నట్టే ఉంటోంది.

జమాల్ మామ బ్యాంకాక్‌లో ఒక హోటల్లో వంటవాడు. పండగకి సెలవు పెట్టి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక టేప్ రికార్డరూ, ఒక సీసా నిండా చేపల సాసూ తెచ్చాడు. మద్రాసులో దిగినప్పుడు నిమ్మగడ్డి దుబ్బు ఒకటి కొని, దాన్ని పెరట్లో పంపు పక్కన నాటాడు.

"అక్కడి వంట మాకూ నేర్పు మామా," అని అబిదా రెండు రోజులు వెంటపడింది. సరేనన్నాడు. పెరట్లో వేపచెట్టు కింద మూడు రాళ్లతో పొయ్యి పెట్టాడు. పక్కింటి వీరాంజనేయులు కూడా గోడ దూకి వచ్చి కూర్చున్నాడు. వాడిదీ అబిదా వయసే. వాళ్ల నాన్న మిరప పండిస్తాడు.

ఆ వంట పేరు మామ చెప్పాడు గానీ, ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని పిల్లలే దానికి 'బ్యాంకాక్ పులుసు' అని పేరు పెట్టారు. కొబ్బరిపాలు, కోడి ముక్కలు, నిమ్మగడ్డి, నిమ్మాకులు, రెండు మూడు మిరపకాయలు, పచారీ కొట్టులో దగ్గు మందుకి అమ్మే అల్లంలాంటి దుంపరాష్ట్రకం. చివర్లో నిమ్మరసం, కాస్త బెల్లం, చేపల సాసు. అంతే.

మొదటి రోజు మామే వండాడు. వండాక గరిటె వీరాంజనేయులికి ఇచ్చాడు.

"నేనూ రోజాలో ఉన్నా, అబిదా కూడా ఉంది. రుచి చూడాల్సింది నువ్వేరా."

వాడు ఊదుకుని, చప్పరించి, కళ్లు మూసుకుని ఆలోచించాడు. "పులుపు తక్కువైంది మామా," అన్నాడు. మామ నిమ్మచెక్క పిండాడు. "ఇప్పుడు చానా బాగుంది," అన్నాడు వాడు. ఆ సాయంత్రం రోజా విడిచాక నానీ ఆ పులుసు రెండు గిన్నెలు తాగింది.

ఇవాళ అబిదా వంతు.

అబిదాకి వంట కొత్త కాదు. ఇంట్లో అమ్మకి ఒంట్లో బాగోకపోతే అన్నం, పప్పు తనే వండేస్తుంది. చిన్న కోడిపులుసు ఎంతలే అనుకుంది. కొబ్బరి కోరి పాలు పిండింది. పల్చటి పాలు ముందు పోసింది. ముక్కలు ఉడికాక చిక్కటి పాలు పోసి, మంట తగ్గించింది. అన్నీ మామ చెప్పినట్టే చేసింది.

"ఐస్ ఫ్యాక్టరీకి పోయి ఐసు గడ్డ పట్టుకొస్తా. వీరాంజనేయులు రుచి చూసి సరే అంటే దించెయ్," అని మామ సైకిల్ తీశాడు.

అబిదా గిన్నెలోకి చూసింది. పులుసు తెల్లగా ఉంది. పైన రెండు మూడు మిరపకాయలు తేలుతున్నాయి.

"ఏందిరా ఇది, పాయసంలాగా ఉంది!" అంది.

వీరాంజనేయులు గరిటెతో కొంచెం తీసుకుని చప్పరించాడు. "బాగుంది. దించెయ్."

"కారం?"

"సరిపోయింది."

"ఉప్పు? నేనసలు ఉప్పే వెయ్యలేదు."

"ఉంది. ఆ సాసులోనే ఉప్పుంది."

అబిదాకి నమ్మకం కుదరలేదు. ఉప్పు వెయ్యకుండా ఉప్పు ఎట్టా వస్తుంది? ఇంత తెల్లటి పులుసులో కారం ఎక్కడుంటుంది?

నానీ పెరట్లో వాల్చిన మంచం మీద నుంచి అంది. "అంత అనుమానమైతే నాలిక కొసకి తాకించుకుని ఉమ్మేసెయ్ తల్లీ. వండేవాళ్లకి పర్లేదంటారు."

"నేను తాకించను," అంది అబిదా. "నా రోజాకి ఏమన్నా అయితే?"

"అయితే నా మాట విను," అన్నాడు వీరాంజనేయులు.

"నువ్వు కారం తినలేవు. నీకేం తెలుసు?"

"నేనా? మేం పండించేదే మిరపకాయలు!"

"పండిస్తే వంట వచ్చినట్టా?"

అబిదా లేచి వెళ్లి కారం డబ్బా, ఉప్పు డబ్బా తెచ్చింది. రెండు చెంచాల కారం వేసింది. పిడికిట్లోంచి ఉప్పు వదిలింది.

"వద్దే! చెడిపోద్దే!" వీరాంజనేయులు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికే అబిదా గరిటెతో తిప్పేసింది. పులుసు ఎర్రబడింది. అబ్బ, ఇప్పుడు చూడటానికి పులుసులాగా ఉంది, అనుకుని సంతోషపడింది.

మామ ఐసు గడ్డతో వచ్చేసరికి ఊళ్లో అజాన్ వినిపించింది. అందరూ చాప మీద కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. ఐసు నీళ్లు తాగారు. నానీ పులుసు గిన్నె అందుకుని పెద్ద గుక్క వేసింది.

అంతే. నానీకి పొలమారింది. దగ్గు ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. మామ వీపు రాసి, నీళ్లు తాగించాడు. పొద్దుటి నుంచి ఎండిపోయిన గొంతు కదా, మంట ఎంతకీ చల్లారలేదు. ఆ రాత్రి నానీ ఇంకేమీ తినలేకపోయింది. నీళ్ల మజ్జిగ మాత్రం తాగి పడుకుంది.

మామ ఒక్క గుక్క తాగి గిన్నె కింద పెట్టేశాడు. అబిదా కూడా తాగి చూసింది. నోరంతా భగ్గుమంది. కారం కన్నా ఉప్పు ఘోరంగా ఉంది.

"వీరాంజనేయులు రుచి చూళ్లేదా?" అడిగాడు మామ.

అబిదా తల వంచుకుంది. వీరాంజనేయులు లేచి, చెప్పులేసుకుని, ఈసారి గోడ దూకకుండా వాకిలి వైపు నుంచి వెళ్లిపోయాడు.

అబిదాకి తిడతారేమోనని భయం. ఎవరూ తిట్టలేదు. మామ గిన్నె తీసుకెళ్లి పులుసు కాలవలో పారబోశాడు. చూస్తుంటే అబిదాకి ఏడుపొచ్చింది. అన్ని ముక్కలు, అన్ని కొబ్బరిపాలు!

"మామా, నువ్వు రుచి చూడకుండా ఎప్పుడన్నా వండావా?" అని చాలాసేపటికి అడిగింది.

"రోజూ వండుతా," అన్నాడు మామ. "ఆ హోటల్లో మనం తినకూడని మాంసం కూడా వండాల్సొస్తది. నేను నోట్లో పెట్టను. నా పక్క పొయ్యి దగ్గర ఒకామె ఉంటది. ఆమె రుచి చూసి ఏది తక్కువో చెప్తది. అది వేస్తా. ఆమె 'ఊ' అన్నాకే గిన్నె బయటికి పోద్ది."

"ఆమె తప్పు చెప్తే?"

"మొదట్లో నాకూ అదే అనుమానం. ఒకసారి ఆమె మాట వినలేదు." మామ నవ్వాడు. "ఆ రోజు హోటల్లో ఏం జరిగిందో నువ్వు ఇయ్యాల చూశావుగా."

తర్వాత మామ ఇంకో మాట చెప్పాడు. శుక్రవారం మసీదులో రోజా విడిచేవాళ్లకి ఒక డేగిసా నిండా ఈ పులుసు పంపుతానని మసీదు పెద్ద ఖాసిం సాహెబ్‌కి మాటిచ్చాడట. "పంపు పక్కన ఉన్న నిమ్మగడ్డి ఇంకొక్కసారికే వస్తది. అది నేనే వండుతాలే."

అబిదా ఆ రాత్రి పడుకునే ముందే నిర్ణయించుకుంది.

పొద్దున్నే మామ దగ్గరికి వెళ్లింది. "మసీదుకి పులుసు నేనే వండుతా."

మామ ఆమె వైపు చూశాడు. "ఎట్టా వండుతావు?"

"వీరాంజనేయులు చెప్పినట్టు."

"వాడు వస్తాడా?"

అబిదా తలకి చున్నీ చుట్టుకుని పక్కింటికి నడిచింది.

వీరాంజనేయులు గేదెకి కుడితి పెడుతున్నాడు. అబిదాని చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

"నిన్న నువ్వు చెప్పిందే నిజం," అంది అబిదా.

"తెలుసు."

"నా వల్ల నానీ ఏమీ తినకుండా పడుకుంది."

వాడు బకెట్టు కింద పెట్టాడు. "ఇప్పుడెట్టుంది నానీకి?"

"గొంతు ఇంకా మండుతోందంట. రేపు మసీదుకి పులుసు వండాలి. రుచి చూడ్డానికి రావా?"

"ఎందుకు? నేను వద్దంటే నువ్వు ఇంకో రెండు చెంచాలు ఏస్తావు. నా నోటికి పనిపెట్టడం దేనికి?"

"వెయ్యను. నువ్వు చాలన్నాక ఒక్క రవ్వ కూడా వెయ్యను."

"నీకు అనుమానమొస్తే?"

అబిదా ఆలోచించింది. అనుమానం రాదని చెప్పొచ్చు. కానీ అది అబద్ధమవుతుంది. "వస్తది," అంది. "వచ్చినా వెయ్యను."

వీరాంజనేయులు గేదె వీపు తట్టాడు. "సరే. రేపు అన్నంలో ఆవకాయ ఏసుకోనులే. నాలిక మంచిగా ఉండాలిగా."

శుక్రవారం ఎండ పెళపెళలాడింది. అబిదా నాలుక పిడచగట్టుకుపోయింది. కొబ్బరికాయలు కోరి కోరి వేళ్లు మండాయి. మామ డేగిసా ఎక్కించి, కోడి ముక్కలు కోసి ఇచ్చి, తను మాత్రం వేపచెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. "నన్నేమీ అడగబాకు," అన్నాడు.

ముక్కలు ఉడికాయి. చిక్కటి పాలు పోసింది. సాసు సీసా వంచే ముందు ఆగి, "ఎంత?" అని అడిగింది.

"కొంచెం పొయ్యి, చూసి చెప్తా."

పోసింది. వీరాంజనేయులు చప్పరించాడు. "ఇంకొంచెం... ఇంకో రెండు చుక్కలు... ఆగు. ఉప్పు సరిపోయింది."

ఉప్పు డబ్బా అబిదా పక్కనే ఉంది. చెయ్యి అటు వెళ్లబోయింది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది.

వీరాంజనేయులు మళ్లీ గరిటె నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి మొహం ముడిచాడు.

"ఏందిరా?"

"ఏదో తక్కువైంది. ఉప్పు కాదు, పులుపు కాదు." మళ్లీ చప్పరించాడు. "తీపి. మొన్న మామ వండినదాంట్లో ఇంకొంచెం ఉంది. ఇంకో బెల్లం ముక్క ఏసెయ్."

ఇప్పటికే ఒక ముక్క వేసింది. కోడిపులుసులో ఇంకో ముక్కా! మసీదులో పెద్దవాళ్లందరూ తాగే పులుసు! అబిదా మామ వైపు చూసింది. మామ ఆకాశం వైపు చూస్తున్నాడు.

"నిజంగా వెయ్యాలా?"

"ఆ."

అబిదా బెల్లం ముక్క చిదిపి డేగిసాలో వేసింది. అది కరిగేదాకా తిప్పింది. గరిటె వాడికిచ్చింది.

వీరాంజనేయులు మొహం విప్పారింది. "అదీ! ఇంక చాలు."

అబిదా కారం డబ్బా వైపు చూసింది. పులుసు తెల్లగానే ఉంది. కళ్లకి అస్సలు కారంగా కనిపించలేదు. అయినా లేచి డేగిసా మీద మూత పెట్టేసింది.

పొద్దు వాలే వేళకి ఖాసిం సాహెబ్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని డేగిసా కోసం వచ్చాడు. తెల్లగడ్డం, చేతికర్ర. మొన్నటి సంగతి ఆయన చెవిన పడ్డట్టుంది.

"ఏమ్మా, ఉప్పూ కారం అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అని అడిగాడు.

"నాకు తెలీదు తాతా," అంది అబిదా. "వీరాంజనేయుల్ని అడగండి."

ఖాసిం సాహెబ్ వాడి వైపు తిరిగాడు.

"బాగున్నాయి తాతా," అన్నాడు వీరాంజనేయులు నిటారుగా నిలబడి. "నాది పూచీ."

డేగిసా వెళ్లిపోయింది. ఇంట్లోకి కొంచెం తీసి ఉంచారు. అజాన్ వినబడింది. ఖర్జూరం తిని, నీళ్లు తాగి, అబిదా తన గిన్నె ముట్టుకోకుండా నానీనే చూస్తూ కూర్చుంది.

నానీ ముందు భయం భయంగా ఒక చిన్న గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. గిన్నె ఎత్తి అడుగుదాకా తాగి, ఖాళీ గిన్నె అబిదా ముందుకి చాపింది.

"ఇంకొంచెం పొయ్యవే."

కాసేపటికి మసీదు నుంచి డేగిసా తిరిగొచ్చింది. అడుగున నిమ్మాకులు తప్ప ఏమీ లేవు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సోమవారం నూడుల్స్ నేర్పుతా. ఇద్దరూ రండి," అన్నాడు.

అప్పుడు అబిదా తన గిన్నె అందుకుంది. మొదటి గుక్క తాగింది. కమ్మగా ఉంది, పుల్లగా ఉంది, ఎక్కడో కొంచెం తియ్యగా ఉంది. కానీ తన నోటికి కారం మాత్రం ఇంకొంచెం పడితే బాగుండేదనిపించింది.

లేచి వెళ్లి కారం డబ్బా తెచ్చుకుంది. వీరాంజనేయులు తాగడం ఆపి చూశాడు. నానీ కూడా చూసింది.

అబిదా ఒక్క చిటికెడు తీసి, తన గిన్నెలో మాత్రం వేసుకుని, డబ్బా మూత గట్టిగా బిగించింది.