బెళ్ళియప్ప పారిపోలేదు

"కాగితం దొరికితే తగలబెట్టు," అన్నాడు చీఫ్.

బెంగళూరులో ఒక బిస్కెట్ల గోడౌను వెనకాల గది అది. బయట బోర్డు మీద బిస్కెట్లు, లోపల దేశ రహస్యాలు. ఏజెంట్ కె-సెవెన్, అసలు పేరు చెంగప్ప, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏ కాగితం, సర్?"

"డెబ్భై ఒకటి యుద్ధానికి ముందు హవల్దార్ బెళ్ళియప్పని వంటవాడి వేషంలో సరిహద్దు దాటించాం. ఆ ఆర్డరు. పై సగంలో అతని పేరు, నా సంతకం. కింది సగంలో అవతల మనకి పనిచేస్తున్న ఏడుగురి కోడ్ పేర్లు. మన గుమాస్తా ఒకడు దాన్ని ఎత్తుకుపోయి అమ్ముకున్నాడు. ఇప్పుడది మీ కొడగులోనే, హేగ్ అనే కాఫీ ఎస్టేటు మేనేజరు దగ్గరుంది. బుధవారం రెండింటికి బేరం. కొనేది డెల్ఫీన్."

"డెల్ఫీన్ మన మనిషి కదా, సర్?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా."

"బెళ్ళియప్ప?"

"పట్టుబడ్డాడు. ఒక్క పేరు చెప్పకుండా ప్రాణం వదిలాడు. మంచి సిపాయి."

"సైన్యం రికార్డులో 'పారిపోయినవాడు' అని ఉంది. దిద్దమని అతని భార్య మూడేళ్ళుగా అర్జీలు పెడుతోంది. అదే బుధవారం మడికేరిలో ఆఖరి విచారణ. నాలుగింటికి ఫైలు మూసేస్తారు."

"అది మన శాఖ పని కాదు."

"పంపింది మన శాఖే."

"నువ్విక వెళ్ళొచ్చు," అన్నాడు చీఫ్.

చెంగప్పకి అరికాలి మంట నెత్తికెక్కింది. సిపాయి లేని ఇల్లు లేని నేల కొడగు. అక్కడ పారిపోయినవాడి పెళ్ళానికి బావి దగ్గర కూడా చోటివ్వరు. బెళ్ళియప్ప వంశపు ఇంట్లో అతని ఫోటో గోడవైపు తిప్పి ఉంది. పోయిన పెద్దలకి అన్నం పెట్టే రోజున ఇంటి పెద్ద బిద్దప్ప అందరి పేర్లూ తలుస్తాడు. బెళ్ళియప్ప పేరు రావలసిన చోట దగ్గుతాడు. మూడేళ్ళుగా ఆ దగ్గు వింటూ వడ్డించింది బోలమ్మ.

బుధవారం పొద్దున్నే, మంగళూరు కాఫీ బ్రోకరు వేషంలో చెంగప్ప ఆమె గుమ్మం ఎక్కాడు. ముసురు పట్టి ఉంది.

"మీసం ఒత్తుకో తమ్ముడూ, వానకి ఊడుతోంది," అంది బోలమ్మ. "ఆఫీసు నుంచేనా? ఈసారి ఏం లేదని చెప్పడానికొచ్చావు?"

"ఉందని చెప్పడానికొచ్చానక్కా. పట్టుబడినా ఒక్క పేరు చెప్పకుండా పోయాడు బావ. ఆయన్ని పంపిన ఆర్డరు ఉంది. ఇవాళ తెస్తాను."

ఆమె రొట్టె కాలుస్తున్న చెయ్యి ఆపలేదు. "ఆయన బూట్లు ఇంట్లో విడిచి, చెప్పుల్తో వెళ్ళాడు. పారిపోయేవాడు బూట్లు వదిలిపోతాడా? నాలుగు అర్జీల్లోనూ అదే రాయించాను. జవాబేం వచ్చిందో తెలుసా? 'బూట్లు వెంటనే జమ చేయవలెను' అని."

చెంగప్ప తల దించుకున్నాడు.

"నాలుగింటి వరకూ వాళ్ళని ఆపగలవా, అక్కా?"

"ముద్ర ఎలా కొడతారో నేనూ చూస్తా."

రెండింటికి ఎస్టేటు బంగళాలో హేగ్, నలుగురు పిస్తోళ్ళవాళ్ళు, సోఫాలో డెల్ఫీన్. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, మల్లెపూల సెంటు.

"ఈ ఏడు పూతవాన ముందే కురిసిందట," అంది డెల్ఫీన్.

"గింజ మాత్రం చేదే," అన్నాడు చెంగప్ప. కోడ్ కలిసింది. తన బ్రోకరేనని ఆమె హేగ్‌కి సైగ చేసింది. హేగ్ కాగితం బల్ల మీద పరిచాడు. చెంగప్ప సిగరెట్ లైటరు పైకెత్తాడు. అందులో కెమెరా ఉంది. బెంగళూరులో చక్కగా పనిచేసింది. మడికేరి వానకి చెమ్మ పట్టి కిక్కురుమనలేదు.

డెల్ఫీన్ నవ్వింది. "మిస్టర్ హేగ్, ఈయన బ్రోకరు కాదు."

నాలుగు పిస్తోళ్ళూ లేచాయి. చెంగప్ప ఒక్క గెంతులో గోడకి వేలాడే జంటగొట్టాల వేటతుపాకీ అందుకున్నాడు.

"అందులో రెండే తూటాలు. మేం అయిదుగురం," అన్నాడు హేగ్. "లెక్క రాదా?"

చెంగప్ప గొట్టాలు కిటికీ బయటికి పెట్టాడు. ఆకాశంలోకి ఒకటి. వెంటనే రెండోది. తుపాకీ కింద పడేశాడు.

హేగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొండల్లో మగాళ్ళంటే పులులన్నారు. మబ్బుల్ని కాల్చే పులా ఇది? కట్టేయండి."

కుర్చీకి కట్టేశారు. హేగ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తాపీగా డెల్ఫీన్‌కి కాఫీ పోయించాడు. ఇరవై ఏళ్ళు ఈ కొండల్లో కాఫీ పండించాడు గానీ, ఒక్క చావింటికీ వెళ్ళి ఎరగడు. కొడగులో మగపిల్లవాడు పుడితే ఒక తూటా. మనిషి పోతే రెండు, వెంటవెంటనే. ఆ రెండూ వినిపిస్తే ఇంటికొక మగాడు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి తీరాలి. పగవాడి ఇల్లయినా సరే.

మూడింటికి జీపు స్టార్టు చేశారు. కదల్లేదు. గేటు నిండా మనుషులు. నలభై మంది, మోకాళ్ళ దాకా నాటు మడుల బురద, భుజాన తుపాకులు. అందరికంటే ముందు బిద్దప్ప.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఇది ప్రైవేటు ఎస్టేటు," అన్నాడు హేగ్.

"చావుకొచ్చాం. నీ కాఫీకి రాలేదు. ఎవరు పోయారు?"

లోపల్నుంచి చెంగప్ప అరిచాడు. "బెళ్ళియప్ప పోయాడు, తాతా. మూడేళ్ళయింది. కబురు ఇవాళే తెచ్చాను. సాక్ష్యం హేగ్ జేబులో ఉంది."

బిద్దప్ప దగ్గలేదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. భుజం మీది తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. అతని వెనక ముప్పైతొమ్మిది తుపాకులు దిగాయి. పిస్తోళ్ళవాళ్ళు నలుగురూ చేతులెత్తేశారు. కాగితాన్ని హేగ్ జేబులోంచి తీసి, చెంగప్ప కట్లు విప్పింది డెల్ఫీనే.

"నేను మొదట్నుంచీ మీ వైపే," అంది.

"ఏ మొదట్నుంచి?" అన్నాడు చెంగప్ప.

కాగితాన్ని మధ్యకి చించి, ఏడు పేర్లున్న సగాన్ని లైటరుతో అంటించాడు. రెండో సగం చొక్కాలో దోపుకుని జీపెక్కాడు. వెనకాల ఎస్టేటు లారీలో ఊరంతా ఎక్కింది.

మడికేరి ఆఫీసులో నాలుగుకి రెండు నిమిషాలుంది. అధికారి చేతిలో ముద్ర. ఫైలు మాత్రం బల్ల మీద లేదు. కుర్చీలో ఉంది, దాని మీద బోలమ్మ కూర్చుంది.

"లే అమ్మా. ప్రభుత్వ ఫైలు అది."

"మోకాళ్ళ నొప్పులు బాబూ. మీ మెట్లెక్కీ ఎక్కీ వచ్చినవే."

తలుపు తోసుకుని చెంగప్ప వచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు. అధికారి చూసి వెంటనే బోర్లించాడు. "ఇది రహస్య పత్రం. నేను చూడకూడదు."

బోలమ్మ లేచింది. "మూడేళ్ళు లేదన్నారు. ఇప్పుడు చూడకూడదంటున్నారు. లేనిదాన్ని చూడకూడదని మీకెవరు చెప్పారు? మా ఆయన దేశం కోసం నోరు మూసుకుని చచ్చాడు. మీరెవరి కోసం మూసుకున్నారు?"

అధికారి తలుపు వైపు చూశాడు. తలుపు నిండా బురద కాళ్ళు, తడిసిన తుపాకులు. అధికారి కాగితం తిప్పి చదివాడు. 'పారిపోయినవాడు' కొట్టేసి, 'విధి నిర్వహణలో మరణించెను' అని రాసి ముద్ర వేశాడు. గడియారం అప్పుడు నాలుగు కొట్టింది.

చీఫ్ చెంగప్పని సస్పెండ్ చేశాడు. అందుకే, ఆరు వారాల తరవాత రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన కవరు బోలమ్మకి చదివి పెట్టే తీరిక దొరికింది అతనికి. కవరు మీద పేరు బెళ్ళియప్పది.

"'మీ మరణము రికార్డులో నమోదు చేయబడినది. ఇందుకు అభ్యంతరమున్నచో ముప్పై రోజులలో స్వయముగా హాజరు కావలెను.'" చెంగప్ప పళ్ళు కొరికాడు. "ఏం రాయమంటావక్కా?"

బోలమ్మ రొట్టె తిరగేసింది.

"రాలేడని రాయి. డ్యూటీలో ఉన్నాడు."