కోత పండుగ బాతులు

జీవమణి బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి ఆమె ఇంటి ముందు ఎవరో యువకుడు మోకాళ్ల మీద కూర్చుని బాతులకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

"తప్పయిపోయింది మేనేజరూ. మిమ్మల్ని వదిలి వెళ్లకుండా ఉండాల్సింది. ఇటు చూడు. ఏంటి, అంత కోపమా?"

మేనేజరు అనిపించుకున్న మగబాతు అతనికి తోక చూపించి, జీవమణి చేతిలోని తవుడు సంచి కేసి పరుగెత్తుకొచ్చింది. దాని వెనకే రెండు ఆడబాతులూ వచ్చాయి.

"ఎవరు మీరు? మా బాతులతోని మీకేం పని?"

యువకుడు లేచి ప్యాంటుకు అంటిన మన్ను దులుపుకున్నాడు. "వందనాలండీ. నా పేరు సత్యరాజు. ఇవి మీ బాతులేనండి. అంటే, నా బాతులే. అంటే..."

"జర తేల్చుకొని చెప్పుండ్రి."

తేలవలసింది చాలానే ఉంది. సత్యరాజుది కొల్లేటి పక్క పల్లెటూరు. బేగంపేటలో ఒక ఇంగ్లీషు కంపెనీలో గుమస్తా. ఊరి మీద బెంగతో మూడు బాతుపిల్లలను తెప్పించి పెంచుకున్నాడు. ఆఫీసు మీద భక్తి కొద్దీ వాటికి మేనేజరు, దొరసాని, టైపిస్టు అని పేర్లు పెట్టుకున్నాడు. ఇంతలో కంపెనీవాళ్లు అతన్ని గుల్బర్గాకు బదిలీ చేశారు. బాతులను వెంటబెట్టుకుని ఉద్యోగంలో చేరితే కొత్త దొర ఏమంటాడోనని భయం వేసింది.

అందుకని పంజాగుట్ట దగ్గరి రేకుల చర్చిలో కోత పండుగ నాడు, అందరూ గుమ్మడికాయలూ జొన్నకంకులూ కోళ్లూ తెచ్చి కానుకగా పెడుతుంటే, అతను బాతుల గంప తెచ్చి పెట్టాడు. కళ్లు మూసుకుని భక్తిగా ప్రార్థన చేసి, వెనక్కి తిరిగి చూడకుండా స్టేషనుకు పోయాడు. త్యాగం చేసినవాడి ముఖం ఎలా ఉండాలో అలాగే ఉందని చూసినవాళ్లు చెప్పుకున్నారు.

ఆరాధన అయ్యాక ఆనవాయితీ ప్రకారం కానుకలన్నింటినీ చర్చి ముందరే వేలం వేశారు. బాతులను జీవమణి పాడుకుంది. "క్రిస్మస్‌కు కూర," అంది తల్లి అమృతమ్మ. మర్నాడు పొద్దున్నే టైపిస్టు గుడ్డు పెట్టి మూడు ప్రాణాలూ నిలబెట్టింది.

నెల తిరక్కుండా గుల్బర్గా దొరకు సత్యరాజుతో పని లేదని తోచింది. వెనక్కి పంపేశాడు. మనుషులను వెనక్కి పంపటం కంపెనీలకు సులువే. దేవుడికిచ్చినదాన్ని వెనక్కి తెచ్చుకోవటం ఎలాగో మాత్రం ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

"దేవునికిచ్చి మళ్ల అడుగుతున్నరా? జర సిగ్గుండాలె," అంది జీవమణి.

"ఉందండీ. అందుకే ముందు బాతులను అడిగాను."

జీవమణికి నవ్వొచ్చింది. బడిలో పిల్లల ముందు నవ్వు ఆపుకోవటం అలవాటే కాబట్టి ఇక్కడా ఆపుకుంది.

అమృతమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఆ రాత్రే కూతురినీ సత్యరాజునూ వెంటబెట్టుకుని పాస్టరు గారింటికి నడిచింది.

"అయ్యగారూ! ఇచ్చింది దేవునికి. కొన్నది మేము. నడిమిట్ల గీయన ఎవరు?"

అయ్యగారు తొందరపడే స్వభావం ఉన్నవారు కాదు. సత్యరాజును ఎగాదిగా చూశారు. జీవమణిని చూశారు. ఊరేదో, ఇంటిపేరేదో, తల్లిదండ్రులు ఏ సంఘంలో ఉన్నారో అడిగారు. బాతుల తగాదాకు ఇంటిపేరుతో ఏం పనో జీవమణికి అర్థం కాలేదు.

"తొందరపడి తేల్చే సంగతి కాదమ్మా. ప్రార్థన చేద్దాం. వేలంలో పాట పాడినది జీవమణి కాబట్టి ఇవ్వటమా మానటమా అన్నది ఆమే ఆలోచించుకుని చెప్పాలి. అంతదాకా అబ్బాయి వచ్చి బాతులను చూసుకుపోవచ్చు."

జీవమణి ఆలోచించటం మొదలుపెట్టింది. సత్యరాజు రావటం మొదలుపెట్టాడు.

ఆఫీసు కాగానే బేగంపేట నుంచి అమీర్‌పేటలో వాళ్లింటికి సైకిలు మీద వచ్చేవాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఇంటి వెనక కుంటలో దిగి నత్తలు ఏరేవాడు. బాతులు తినేవి. జీవమణి గట్టు మీద కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుతున్నట్టు నటించేది.

"ఏమన్నా తేలిందాండీ?"

"ఇంకా ఆలోచిస్తున్న."

"తొందర లేదండీ. మెల్లగా ఆలోచించండి."

"మీకు తొందర లేదా? మీ బాతులేనాయె!"

"ఉందండీ. అయినా తొందర లేదు."

ఇలాంటి అర్థం లేని మాటలకు జీవమణి రాత్రిళ్లు పడుకుని అర్థాలు వెతికేది. న్యాయంగా చూస్తే బాతులు తనవి. జాలిగా చూస్తే అతనివి. అక్కడితో అయిపోతే ఇబ్బందేమీ లేదు. బాతులు ఇచ్చేస్తే అతను రాడు. ఇవ్వనంటే మనసు నొచ్చుకుని రాడు. ఎటు తిరిగినా సైకిలు గంట వినపడదు. ఆ గంట వినపడకపోతే తనకు అన్నం సహించదని జీవమణికి అప్పటికే తెలిసిపోయింది. కనుక ఆలోచన సాగినన్నాళ్లే సుఖం.

"ఇస్తవా, ఇయ్యవా?" అమృతమ్మ నిలదీసింది. "వాడకట్టోళ్లు నవ్వుతున్నరు. మొన్న లచ్చమ్మ సుత అడిగింది, మీ ఇంటికి కొత్త జీతగాన్ని పెట్టిండ్రా అని!"

"దేవుని సంగతమ్మా. తొందరపడొద్దని అయ్యగారే అన్నరు గద!"

"ఆయన గట్లనే అంటడు," అంది అమృతమ్మ అదోలా నవ్వి.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన అందుకుంది. కాలం కాని వాన. బాతులు సంబరంగా వాకిట్లో తిరుగుతుంటే మనుషులిద్దరూ చూరు కింద నిలబడ్డారు. చూరు చిన్నది. సత్యరాజు మర్యాదస్థుడు కాబట్టి సగం తడుస్తూ నిలబడ్డాడు.

"జర ఇటు జరగరాదుండ్రి," అంది జీవమణి.

అతను అరడుగు జరిగాడు. చొక్కా చేతి మీద నుంచి నీళ్లు కారి ఆమె పైట కొంగు తడిసింది. ఆమె కొంగు లాక్కోలేదు. అతను చూడనట్టు చూశాడు. ఆమె చూసి చూడనట్టు ఊరుకుంది. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా దొరసాని ఈకలు దువ్వుకోవటం చూశారు.

ఏదో ఒకటి అనకపోతే బాగుండదని సత్యరాజు గొంతు సవరించుకున్నాడు. "మిమ్మల్ని చాలా ఇబ్బంది పెడుతున్నానండీ. బాతుల సంగతి తేలిపోతే ఇక మీకు నా బెడద ఉండదు."

అతను మర్యాదకు అన్నాడు. జీవమణికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అంటే ఇన్నాళ్లూ వచ్చింది బాతుల కోసమే. తను వట్టి బాతుల కాపరి!

"గట్లనా! అయితే తేలిపోయింది," అంది. "కొత్త సంవత్సరం నాడు కానుకలు వేలమేస్తరు గద? వీటిని మళ్ల దేవునికే ఇచ్చేస్త. వచ్చి పాడుకొని పోండ్రి. నాకు ఫికర్ లేదు."

సత్యరాజు ముఖం వాడిపోయింది. కోరుకున్నది దొరుకుతోందంటే ఆ ముఖమేమిటో ఆమె గమనించి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. కోపంలో ఉన్నవాళ్లకు ఎదుటివాడి ముఖం కనపడదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయింది. సంఘ పెద్ద యెషయా వేలం మొదలుపెట్టాడు. గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి. బాతుల గంప ఎత్తాడు.

సత్యరాజు పాట పాడాడు. గొంతు మటుకు దేన్నో పాతిపెట్టటానికి వచ్చినవాడి గొంతులా ఉంది. పోటీకి ఎవరూ నోరెత్తలేదు. పాపం, అతని బాతులేగా అని సంఘమంతా పెద్దమనసు చేసుకుని ఊరుకుంది.

"ఒకటోసారి," అన్నాడు యెషయా.

జీవమణి తలవంచుకుంది. రేపటి నుంచి కుంట గట్టు ఖాళీ.

"రెండోసారి..."

"నేను పాడుతున్న!"

అందరూ వెనక్కి తిరిగారు. జీవమణి లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. నోట్లోంచి వచ్చిన పాట సత్యరాజు పాటకు రెట్టింపు.

"నీ కానుకను నువ్వే పాడుకునుడేంది బిడ్డా?" అన్నాడు యెషయా.

"నా ఇష్టం!"

ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు బయలుదేరి మగవాళ్ల వైపు దాకా పోయింది. జీవమణి చెవులు మండిపోయాయి. సత్యరాజు పాట పెంచుతాడని చూసింది. అతను పెంచలేదు. వాడిపోయిన ముఖం కాస్తా ఒక్కసారిగా వెలిగిపోయింది.

"నేను మానుకుంటున్నానండీ," అన్నాడు గబగబా. "మూడోసారి అనేయండి."

"మూడోసారి. అయినా గీ బాతుల కోసమే గదనయ్యా ఇన్నొద్దులు తిరిగినవ్? ఎందుకు ఇడిసిపెడుతున్నవ్?"

సత్యరాజు ఇక దాచలేకపోయాడు. "తీసుకెళ్లి ఎక్కడ పెట్టమంటారండీ? గుల్బర్గా నుంచి వచ్చాక ఖైరతాబాద్‌లో మేడ మీద గది దొరికింది. ఇంటాయన పిల్లినే రానివ్వడు. బాతులనా?"

"మరి రోజూ పోయి అడిగిందేంది?"

"మొదటి రోజు నిజంగానే అడిగానండీ. తరవాత..." అతను జీవమణి వైపు చూశాడు. ఈసారి చూడనట్టు చూడలేదు. "తరవాత ఎక్కడ ఇచ్చేస్తారోనని హడలిపోతూ అడిగాను. ఇచ్చేస్తే ఇక ఏ ముఖం పెట్టుకుని రానండీ? నాకు మీరంటే ఇష్టం."

చర్చి ముందు అంతమంది అంత నిశ్శబ్దంగా ఉండటం ప్రసంగం జరిగేటప్పుడు కూడా అయ్యగారు ఎరుగరు.

జీవమణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బడిలో నేర్చుకున్న విద్య ఈసారి పనిచేయలేదు. నవ్వేసింది.

అయ్యగారు ముందుకొచ్చారు. "అబ్బాయి సంఘం వాళ్లకు నేను ఎప్పుడో కబురు చేశాను. మంచివాడేనట. తల్లిదండ్రులకు ఈ సంబంధం ఇష్టమేనట. ప్రార్థన చేద్దామన్నది ఆ జవాబు వచ్చేదాకానే. మరి, బాతులు ఇవ్వటమా మానటమా, ఏం ఆలోచించుకున్నావమ్మా?"

జీవమణి గంప చంకనెత్తుకుంది. "ఇంకా తేలలేదు అయ్యగారూ. ఆయన్ను రోజూ వచ్చి అడగమనుండ్రి."

"రోజూ వచ్చుడెందుకు?" అంది అమృతమ్మ. "వచ్చే ఆదివారమే చర్చిల వీళ్ల పెండ్లి ప్రకటన చదువుండ్రి. మా ఇంట్లనే ఉండి అడుగుతడు."