తిరిగి అడగని మనిషి

ఏజెంట్ పాంగ్‌ని ఉదయం స్నానశాలలో చంపేశారు. మెడ వెనక సన్నటి సూదిపోటు. ఆవిరిలో ఎవరి కంటా పడలేదు.

"ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు." ఫోన్‌లో చీఫ్ గొంతు. "ప్రొఫెసర్ తక్ ఒంటిగంట ఓడ ఎక్కాలి. క్షిపణి డిజైన్ మొత్తం ఆయన బుర్రలోనే ఉంది. పాంగ్ బదులు నువ్వెళ్ళు."

"ఆయన్ని నేనే ఓడ ఎక్కించాలంటారు. అంతేనా సర్?" అడిగాడు హ్యోక్.

"అంతే."

చేపల వ్యాపారి వేషంలో, రబ్బరు బూట్లతో హ్యోక్ బుసాన్ రేవు పక్కన నూడుల్స్ హోటల్ మేడ ఎక్కాడు. పైగదిలో ప్రొఫెసర్‌కి కాపలా ఉన్నది ఓక్ సేర్యోన్. పైకి నైట్‌క్లబ్ గాయని. లోపల, విదేశీ ముఠాలో చేరి చీఫ్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఈ శరత్కాలంలో హ్యోక్‌కి భార్య కాబోతున్న మనిషి కూడా.

"నాలుగు మెట్లకే ఇంత ఆయాసమా అయ్యగారికి?" నవ్విందామె.

"పాంగ్ చనిపోయాడు."

సేర్యోన్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అయ్యో, చంటిపిల్లల తండ్రి" అంటూ రుమాలు తీసింది. కళ్ళు తుడుచుకుని ప్రొఫెసర్‌కి బార్లీ టీ పోసింది.

ఆమె తిరిగి అడగలేదని హ్యోక్ గమనించాడు. ఈ కొరియా దేశంలో రెండు గిన్నెల నూడుల్స్ చెప్పినా "రెండేనా అండీ?" అని తిరిగి అడక్కుండా ఎవరూ కదలరు. ఇక చావు కబురైతే చెప్పాలా! "పోయాడా? పాంగేనా?" అని ముందు నోరు అడుగుతుంది, తర్వాతే కన్నీళ్ళు. సేర్యోన్‌కి ఆ అవసరమే లేకపోయింది. ప్రాణంలా ప్రేమించిన మనిషి మీద ఇలాంటి లెక్క వేస్తున్నందుకు అతనికి తన మీదే అసహ్యం వేసింది.

ప్రొఫెసర్ కప్పుని పెదవులకి ఆనించాడు. హ్యోక్ చెయ్యి విసిరాడు. కప్పు గోడకి తగిలి ముక్కలైంది.

సేర్యోన్ వేలి ఉంగరంలో రాయి మూతలా తెరుచుకుని ఉంది. లోపల ఇంకా కాస్త తెల్లటి పొడి.

హ్యోక్ పిస్టల్ తీశాడు. "ఉంగరం బల్ల మీద పెట్టు."

"నన్నా? నన్ను అనుమానిస్తున్నారా?"

"ఇప్పుడా అడగడం?"

ఆమె ఉంగరం తియ్యలేదు, నోటికి ఆనించుకుంది. అతను చెయ్యి పట్టుకునేసరికే ఆలస్యమైపోయింది.

ప్రొఫెసర్ ఓడ ఎక్కాడు. ఓడ రేవు దాటాక హ్యోక్ ఫోన్ చేశాడు.

"పాంగ్‌ని పట్టిచ్చింది సేర్యోన్, సర్. విషం మింగేసింది."

"సేర్యోనా? మన సేర్యోనే అంటావా?"

"అవును సర్."

"పోయిందా? నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశాను సర్."

ఈ కుట్రలో చీఫ్‌కి భాగం లేదని తేలిపోయింది. ఇంకొక్కసారి అడిగితే, కాదు, సేర్యోన్ పోలేదని చెప్పేద్దామని హ్యోక్ ఎదురుచూశాడు. చీఫ్ ఫోన్ పెట్టేశాడు.