నాలుక లేని గంట

“ఈ కోటు మీద మరక పోతుందా?”

“పోతుంది. దాంతోపాటు రంగు కూడా పోతుంది.”

కోడ్ సరిపోయింది. డ్రైక్లీనింగ్ షాపు యజమాని కౌంటర్ పలక ఎత్తి లోపలికి దారి ఇచ్చాడు. ఆవిరి కక్కుతున్న ఇస్త్రీ యంత్రాల వెనక గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు. ఏజెంట్ ‘తాబేలు’ మోకాళ్ళు పట్టుకుని ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళుగా వేషాలు మార్చీ మార్చీ అతనికి విసుగొచ్చేసింది. రిటైర్మెంట్ దరఖాస్తు జేబులోనే ఉంది.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. “ఆఖరి ఉదయం సంఘం. ఆరేళ్ళ కిందట అద్దె గ్యారేజీలో తొమ్మిదిమందితో మొదలైంది. ఇప్పుడు మూతబడ్డ బిస్కెట్ ఫ్యాక్టరీలో నాలుగు వందలమంది. గురువు ఒకప్పుడు బీమా ఏజెంట్.”

“అప్పుడూ చావు పేరు చెప్పే బతికాడన్నమాట.”

“ఈ నెలాఖరుకి ప్రపంచం అంతమట. గంట మోగగానే తలా ఒక గ్లాసు తాగుతారు. అందులో విషం. అది సప్లై చేసేది ఒక ఫారిన్ ముఠా. శవాల దగ్గరికి పోలీసులంతా పరిగెత్తితే, ఆ సందులో రాడార్ కేంద్రంలోకి దూరాలని వాళ్ళ ప్లాన్.”

“ఇప్పుడే వెళ్ళి పట్టుకోవచ్చుగా?”

“వెళ్ళొచ్చు. మన జీపు కనబడగానే ఆ గ్లాసులేవో ఇవాళే తాగేస్తారు. లోపల మనవాడొకడు ఉండాలి.”

“ఇంకెవరినైనా చూసుకోండి సార్. నావల్ల కాదు.”

“చూసేవాణ్ణే. కానీ లోపల మీ చెల్లెలుంది.”

తాబేలు ఫోటో తీసుకుని లేచాడు.

తెల్లగడ్డం, నల్ల కళ్ళజోడు, చెవిలో వినికిడి మిషన్ తగిలించుకుని గడియారాల మెకానిక్ వేషంలో చేరాడు. వినికిడి మిషన్ లోపల ఉన్నది ట్రాన్స్‌మిటర్. ఫ్యాక్టరీ కిటికీలకు నల్లరంగు పూసి ఉంది. గేటు దగ్గరే అందరి చేతి గడియారాలూ ఊడబీకి బిస్కెట్ డబ్బాల్లో పడేస్తారు. నిద్ర లేవాలన్నా, తినాలన్నా, గుక్కెడు మంచినీళ్ళు తాగాలన్నా గంట మోగాలి. గురువు రోజూ ఒకటే పాఠం చెప్పేవాడు: “నా గొంతును కూడా ఎవరైనా అనుకరిస్తారు. నా మాట నమ్మకండి. గంటనే నమ్మండి.” గోపురంలోని ఆ గంటకూ, దాని పక్కనున్న ఒకే ఒక్క గోడగడియారానికీ నూనె వేసే పని తాబేలుది.

వేషం మొదటిరోజే చెల్లెలి దగ్గర తేలిపోయింది. గంజి పోస్తూ అతని చేతులు చూసి, “వచ్చావుగా అన్నయ్యా, ఇక నాకు దిగుల్లేదు. ఇద్దరం కలిసే పోతాం” అని గుసగుసలాడింది. అతను తల ఊపాడు. వృత్తిలో ఎన్ని అబద్ధాలు ఆడినా ఇంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

ముఠా మనిషి గురువుగారి సెక్రటరీయే. అందరూ మేడమ్ అంటారు. పెదాలకు ఎర్రరంగు, ఆమె కంటే ముందు గదిలోకి వచ్చే సెంటు. ముఠా గుట్టు చీఫ్‌కి అమ్ముతున్నదీ ఆమే. ముహూర్తం మధ్యాహ్నం మూడని, కమాండోలను రెండింటికి పంపమని కబురు పెట్టింది.

నెలాఖరు రోజు పదకొండు ముప్పై అయిదుకి ఆమె గంట గోపురం మెట్లెక్కి వచ్చింది. చేతిలో పెట్టె. సెంటు వాసన లేదు.

“మూడు కాదు. పన్నెండు” అంది. “మీ చీఫ్‌కి అబద్ధం చెప్పాను. కారులో ఒక సీటుంది, వస్తారా?”

“రెండు కావాలి.”

“ఒకటే ఉంది.”

“మరి నాకెందుకు చెప్పినట్టు?”

“ఏమో. మీరూ నాలాగే అలసిపోయినట్టు కనబడ్డారు.” ఆమె దిగి వెళ్ళిపోయింది.

తాబేలు చెవి నొక్కాడు. “ముహూర్తం పన్నెండుకి. రాడార్ దగ్గర కాపలా పెంచండి. ఇక్కడికి ఎంతసేపట్లో వస్తారు?”

“అరగంట.”

“పాతిక నిమిషాలే ఉంది సార్.”

స్పానర్ తీసుకుని గంట లోపలికి దూరాడు. తుప్పు పట్టిన బోల్టు వేళ్ళ చర్మం ఒలిచింది కానీ చివరికి ఊడింది. గంట లోపల వేలాడే ఇనుప నాలుకను చొక్కాలో దాచుకున్నాడు. తాడు కిందికి దిగే కంతలోంచి హాలు కనిపిస్తోంది. నాలుగు వందలమంది గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ముందు వరసలో చెల్లెలు.

గురువు తాడు లాగాడు. గంట ఊగింది, మోగలేదు. మళ్ళీ లాగాడు.

“సమయం అయింది. తాగండి” అన్నాడు.

ఎవరూ కదలలేదు. చెల్లెలే అంది, “గంట మోగలేదు కదా గురువుగారూ. మీ మాట నమ్మొద్దని మీరేగా చెప్పారు.”

నాలుగు వందల తలలు ఊగాయి. ఆరేళ్ళు నూరిపోసిన పాఠం గురువు మెడకే చుట్టుకుంది. బతిమాలాడు, తిట్టాడు. గ్లాసు కింద పెట్టబోయిన ఒక ముసలాయన్ని పిస్తోలుతో కాల్చాడు. జనం కెవ్వుమన్నా, గ్లాసులు వదల్లేదు, తాగలేదు. గురువుకి మెట్ల కింద మెకానిక్ పనిముట్ల పెట్టె కనబడింది. అందులోంచి సుత్తి తీసుకుని పైకి పరిగెత్తాడు.

తాబేలు తన సుత్తిని తానే గుర్తుపట్టాడు. అది గంట మీదికి లేచింది. ఆపడానికి వేరే దారి లేక మధ్యలో చెయ్యి పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గోపురం దాటి కిందికి వినబడలేదు. సుత్తి రెండోసారి లేచేసరికి కింద కమాండోలు గేటు పేల్చారు. మెట్ల మీంచి వచ్చిన తుపాకి గుండుకి గురువు గంట కిందే పడిపోయాడు. హాల్లో అతని అంగరక్షకులు లొంగలేదు. కాల్పుల్లో మొత్తం పదకొండుమంది పోయారు. ముఠా రాడార్ కేంద్రం గోడ దగ్గర దొరికిపోయింది. మేడమ్ దొరకలేదు.

తాబేలు చెల్లెల్ని తన ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దుటికి కూడా ఆమె ముందున్న అన్నం, మంచినీళ్ళు అలాగే ఉన్నాయి.

“తాగమ్మా” అన్నాడు.

“నువ్వే నాలుక పీకావు కదూ?” అంది ఆమె గ్లాసు వంక చూస్తూ.

“ఊఁ.”

“గంట లేకుండా నేను ఎలా తాగను అన్నయ్యా?”

అతనికి ఏడవాలనిపించింది, ఓపిక లేకపోయింది. లేచి, కోటు జేబులోంచి ఇనుప నాలుక తీసి, ఎడమచేత్తో స్టీలు పళ్ళెం మీద ఒక్కటి కొట్టాడు.

చెల్లెలు గ్లాసు ఎత్తి గటగటా తాగింది.

రిటైర్మెంట్ దరఖాస్తు ఆ వారమే మంజూరైంది. ఇప్పుడతనిది రోజుకు మూడుసార్లు గంట కొట్టే ఉద్యోగం, సెలవుల్లేవు.