కాలువగట్టు మేడలో అమ్మ

పుదుచ్చేరిలో పెద్దకాలువ గట్టున, తెల్లవాళ్ళ వీధులు మొదలయ్యే చోట ఒక మేడ ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే ఎవరూ ఆ పక్క నడిచేవాళ్ళు కాదు. లోపల ఆడమనిషి మూలుగుతుందనేవాళ్ళు. ఒంటికన్ను మనిషి వంగి కూర్చుని ఉంటాడనేవాళ్ళు. చూసినవాళ్ళు ఒకరిద్దరు కాదు. నమ్మనివాళ్ళు మానండి, నేను విన్నది విన్నట్టే చెబుతాను.

జర్మనీ యుద్ధానికి ముందు, ఊరంతా మశూచి తిరిగిన ఏడాది జరిగిందిది. మనవాళ్ళు దాన్ని ఆ పేరు పెట్టి పిలవరు కదా... అమ్మ వచ్చిందంటారు. ఒంటిమీది పొక్కుల్ని ముత్యాలంటారు.

దొరల్ని కూర్చోబెట్టి పుస్-పుస్ బండి తోసే వీరాసామి పెద్దకూతురు ఆ ముత్యాలతోనే పోయింది. పాడె కట్టకముందే మేడలో పనిచేసే కాంపౌండరు అనంతరామన్ వచ్చి, ఒక ముత్యం పెచ్చు అడిగాడు.

"డాక్టరు దొర చూస్తాడప్పా. రూపం తెలిస్తే పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఇంకో ఇంటికి పోదు."

వీరాసామి ఇచ్చేశాడు.

ఆ సంగతి తెలిసినప్పటినుంచి భార్య పట్టమ్మాళ్ మెతుకు ముట్టలేదు.

"పొంగలి పెట్టి సాగనంపాల్సిన తల్లిని దొర చేతికి అప్పజెప్పి వచ్చినావా మామా? ఆ మేడలో మూలుగుతా ఉండేది ఎవురనుకున్నావు? రేపు కోపంతో మన కనకం మీదికే వస్తాది. పో. పిల్చుకోని రా."

కనకం చిన్నది. ఇక మిగిలింది అదొక్కతే.

వీరాసామి వెళ్ళాడు. గట్టు మీద నరమానవుడు లేడు. మేడ దగ్గరపడేకొద్దీ... కీ... కీ... ఆగింది. మళ్ళీ — కీ...

కనకాన్ని తలుచుకున్నాడు. తలుపు తోశాడు.

దీపం ముందు దొర. ఒక కన్ను మూసుకుని, ఇత్తడి గొట్టంలోకి వంగి ఉన్నాడు. పక్కన అనంతరామన్ చిన్న పంపు కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా — కీ...

"ఏందప్పా, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?"

"మా అమ్మ యాడుంది సామీ?"

అనంతరామన్ నవ్వాడు. దొరతో వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. దొర లేచి, గొట్టం వైపు చెయ్యి చూపించి, లోపలి గదిలోకి వెళ్ళాడు. వీరాసామి గొట్టానికి కన్ను ఆనించాడు.

నల్లగా... లావుగా... తాటిమానుల్లాగా వరసగా ఏవో. కదిలాయి!

"అమ్మ జుట్టు!" అంటూ వెనక్కి పడ్డాడు.

"నీ రెప్ప వెంట్రుకలప్పా అవి!"

నవ్వీ నవ్వీ అనంతరామన్ ఉన్నట్టుండి ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు.

"దొరకీ ఏమీ అగపడలా. నువ్విచ్చిన పెచ్చు నూరి, నీళ్ళలో కలిపి, ఈ తెల్లమట్టి గొట్టంలోంచి వడగట్టినాం. ఏ పురుగైనా దీంట్లో ఆగిపోవాల్సిందే. ఇది మాత్రం... దూరి వచ్చేస్తా ఉంది. దీని రూపం చూపించే అద్దం లోకంలో ఇంకా పుట్టలా."

గాజు కుప్పె ఎత్తి దీపానికి పట్టాడు. బావినీళ్ళకన్నా తేటగా ఉంది.

"ఇందులోనే ఉంది. కోతికి ఒక్క చుక్క అంటిస్తే ఒళ్ళంతా ముత్యాలు పోసినాయి."

లోపల్నుంచి దొర పిలిచాడు. "ముట్టుకోవాకు," అని అనంతరామన్ వెళ్ళాడు.

ఇందులోనే ఉంది... వీరాసామి చెవిలో ఆ మాటే తిరుగుతోంది. కుప్పెకు దండం పెట్టాడు. నడుముగుడ్డలో దోపుకున్నాడు.

ఇంటి గడపలో పట్టమ్మాళ్ వేపమండతో ఎదురొచ్చింది. "వచ్చినావా తల్లీ..." కుప్పెను కళ్ళకద్దుకుంది. పొంగలి ముందు పెట్టింది. వేపాకు ముంచి కనకం మొహాన చిలకరించింది. తక్కినదంతా తీర్థమని పిల్ల దోసిట్లో పోసింది. పిల్ల గుటుక్కున తాగింది.

కూతురు పోయిన తర్వాత వీరాసామి హాయిగా ఊపిరి తీసుకున్నది అప్పుడే.

వీధిలో పరుగు చప్పుడు. అనంతరామన్ — చెప్పుల్లేవు, రొప్పుతున్నాడు.

"కుప్పె యాడప్పా? కుప్పె—"

పట్టమ్మాళ్ ఖాళీ కుప్పె చూపించింది. "అమ్మ ఇంటికి వచ్చేసింది సామీ. ఇంక ఎవురికీ భయం లేదు."

అతను గడప తొక్కలేదు. ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు. చూపు మాత్రం వీరాసామిని దాటి, లోపలికి...

వీరాసామి మెల్లగా వెనక్కి తిరిగాడు.

కనకం నిలబడి ఉంది. తడిమొహం దీపం వెలుగులో మెరుస్తోంది. దోసిలి చాపింది.

"ఇంకొంచెం పొయ్యమ్మా."